బోదె ఎటు పోయింది? పేచీ ఉన్న ఖాళీ స్థలం అమ్మకంపై ఒక సర్వేయరు ప్రసంగం

(కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల్లో, విశ్రాంత మండల సర్వేయరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభలో అడ్డువచ్చిన మాటలు, పునరుక్తులు తీసివేశాం.)

పెద్దలకు నమస్కారం. గ్రంథాలయంలో మాట్లాడమంటే పుస్తకం గురించి మాట్లాడాలి. నాకు క్షుణ్ణంగా తెలిసిన పుస్తకం ఒకటే, ఎఫ్‌ఎంబీ. అంటే పొలం కొలతల పుస్తకం. అందులో కథ ఉండదు, గీతలూ అంకెలూ ఉంటాయి. ఆ గీతల కోసం అన్నదమ్ములు పలకరించుకోవడం మానేసిన ఇళ్లు మాత్రం నా ఉద్యోగంలో లెక్కలేనన్ని చూశాను.

స్థలం కొనేటప్పుడు ఏం చూసుకోవాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. పేపర్లో రాస్తారు, ఫోనులో చెబుతారు. కొనేసి ఇరుక్కున్నవాడికి చెప్పేవాళ్లే లేరు. అమ్మాయి పెళ్లికో, అబ్బాయి చదువుకో అక్కరకొస్తుందని పదిహేనేళ్లుగా పన్ను కడుతూ ఉంచుకున్న అయిదు సెంట్లు, తీరా బేరం వచ్చేసరికి అమ్ముడుపోవు. బ్రోకరు వస్తాడు, కాగితాలు చూస్తాడు, టీ తాగి వెళ్లిపోతాడు. మళ్లీ ఫోను ఎత్తడు. ఈ సాయంత్రం నా మాటలు అలాంటివారి కోసం. ముందు వరుసలో కాగితాల సంచులతో కూర్చున్నవారిని చూస్తున్నాను. చివర్లో చూద్దాం, తొందర లేదు.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. రోజంతా జనం హద్దులు కొలిచిన నేను, 2009లో మా ఆవిడ పేరున అయిదు సెంట్ల ప్లాటు కొన్నాను. వరి చేను మెరక చేసి, ఎర్ర కంకర రోడ్డు వేసి, రంగు కాగితం మీద పార్కు బొమ్మ వేసి అమ్మారు. నేను కొలత గొలుసు పట్టలేదు. ఎందుకు పట్టలేదని మీరు అడగవచ్చు, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. కొనేవాళ్లలో సగం మంది నాకు తెలిసినవాళ్లే. అందరి మధ్య ఎఫ్‌ఎంబీ తీస్తే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడ్డాను. వైద్యుడి ఇంట్లో జబ్బు ముదిరినట్టు అయింది.

కొన్నేళ్లకు డబ్బు అవసరమై అమ్మకానికి పెట్టాను. అప్పుడు కొలిచాను. ప్లాటు వెనక పక్క దాదాపు ఒక సెంటు నాది కాదు. పటంలో అక్కడ మురుగు బోదె, అంటే చేలోని నీరు బయటికి పోయే చిన్న కాలువ ఉంది. ప్రభుత్వ పోరంబోకు. చేను మెరక చేసినవాడు బోదెను కూడా పూడ్చేసి నాకు అమ్మాడు, నేను దాని మీద అరటి పిలకలు నాటుకున్నాను. ఇంక పార్కు సంగతి. ఆ పార్కు కూడా అప్పటికే ప్లాటుగా మారి ఎవరికో రిజిస్టరై ఉంది. లేఅవుటుకు అనుమతే లేదు.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. తెలిసిన తరువాత కూడా నోరు విప్పకుండా అమ్మేద్దామనే చూశాను. అరటి చెట్లు గుబురుగా ఉన్నాయి, బోదె ఆనవాలు లేదు. ఒక కుర్రవాడు వచ్చాడు, విదేశంలో ఉద్యోగం, ధర దగ్గర పేచీ పెట్టలేదు. బయానా ఇచ్చే రోజున వాళ్ల అమ్మమ్మను వెంట తీసుకొచ్చాడు. ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసి, "బాబూ, నా చిన్నప్పుడు ఈ చేలో ఊడ్పులకు వచ్చేదాన్ని. ఇక్కడ బోదె ఉండాలి. ఎటు పోయింది?" అంది. ఏ రికార్డూ అడగని ప్రశ్న అది. నేను ఏదో గొణిగాను. ఆ కుర్రవాడు నా ముఖం చూశాడు. బయానా కవరు జేబులోంచి బయటికి రాలేదు.

ఇక్కడి నేల సంగతి కొంచెం చెప్పుకుందాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి ఈ డెల్టా అంతా నీటి లెక్క మీద నడుస్తోంది. పంట కాలువ, పిల్ల కాలువ, బోదె, మురుగు కోడు, డ్రెయిను. ప్రతి చేనుకూ నీరు వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి. వీటి పక్కనే బండ్లు నడిచే పుంతలు. ఇవన్నీ ప్రభుత్వ నేలలే, పటంలో జంట గీతలుగా ఉంటాయి. పైన కంకర పోసినంత మాత్రాన గీత చెరగదు. అందుకే మెట్ట ప్రాంతంలో కంటే మన దగ్గర ఖాళీ స్థలాలకు పేచీలు ఎక్కువ. ఇక్కడ పేచీ అంటే సగం నీటి పేచీయే.

మీ స్థలానికి చిక్కు ఉందని తెలిస్తే ముందు చేయవలసింది ఆ చిక్కు పేరు కనుక్కోవడం. "ఏదో లీగల్ ప్రాబ్లం" అన్నది పేరు కాదు. నేను రెండు గంపలు పెడతాను. హక్కులో చిక్కు ఒకటి, వాడకంలో చిక్కు ఒకటి. స్థలం మీదేనా అన్న దగ్గర తేడా వస్తే మొదటిది. స్థలం మీదే, కానీ అందులో అనుకున్న పని చేయనివ్వరు అంటే రెండోది. ఈ రెండూ కలగలిపి భయపడబట్టే జనం సగం ధరకు తెగనమ్ముకుంటున్నారు, లేదా అమ్మకూడనిది అమ్మి కోర్టుకెక్కుతున్నారు.

వాడకం చిక్కుల్లో మొదటిది అనుమతి లేని లేఅవుటు. మన దగ్గర ఇదే ఎక్కువ. 2017 లేఅవుటు నిబంధనల ప్రకారం స్థలంలో 10 శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి, రోడ్లు వేయాలి, మురుగు పోయే దారి చూపాలి. అది చేయని చోట ప్లాటు కొన్నవాడికి హక్కు ఉంటుంది కానీ ఇంటి ప్లాను మంజూరు దగ్గర ఆగిపోతుంది. దీనికి ప్రభుత్వమే క్రమబద్ధీకరణ దారి పెట్టింది. 2007లో ఒకసారి, 2020 జనవరిలో మరోసారి నిబంధనలు వచ్చాయి, తరువాత గడువు తేదీలు మారుతూ వచ్చాయి. వదలవలసిన ఖాళీ జాగాకు బదులుగా స్థలం విలువలో 14 శాతం కట్టించుకోవడం ఆ 2020 నిబంధనల్లో ముఖ్యమైన అంశంగా ఉండేది. రిజిస్టరైన దస్తావేజు ఉన్నవారికే ఆ దారి. అగ్రిమెంటు కాగితంతో, జీపీఏతో, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో వెళితే తిప్పి పంపుతారు. నీటి వనరులో పడిన ప్లాటుకు ఎన్ని రుసుములు కట్టినా ఆ తలుపు తెరుచుకోదు.

అమ్మేవారు నన్ను ఎప్పుడూ అడిగేది, "క్రమబద్ధీకరించి అమ్మాలా, అలాగే అమ్మాలా?" అని. గడువు నడుస్తూ ఉంటే, చేతిలో డబ్బు ఉంటే, చేయించి అమ్మడమే నయం. డబ్బు లేకపోతే కనీసం దరఖాస్తు పెట్టి, ఆ రసీదుతో అమ్మండి. కొనేవాడికి చేతిలో ఏదో ఒక కాగితం కనబడాలి.

వ్యవసాయ భూమిని మార్చడం రెండోది. 2006 చట్టం కింద ఆర్డీవో దగ్గర మార్పిడి రుసుం కట్టి అనుమతి తీసుకోవాలి. దానినే అందరూ నాలా అనేవారు. 2025లో ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసి, అనుమతుల దశలోనే అభివృద్ధి రుసుం వసూలు చేసే పద్ధతికి మారింది. అంచేత పాత నాలా కాగితం ఉంటే పారేయకండి, పనికొస్తుంది. లేకపోతే లేదని కంగారూ పడకండి. ఇక్కడ ఇంతకు మించి చెప్పడానికి లేదు.

మూడోది తీరం. ఇది కొంచెం విడమరచి చెప్పాలి, అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి కొందరు వచ్చారు కనుక. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్లు తీర నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ అని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే ఆ నియంత్రణ ఏటి వెంట, కాలువ వెంట లోపలికి కూడా వస్తుంది. ఎంత దూరం వస్తుందో ఎలా నిర్ణయిస్తారో తెలుసా? ఉప్పుతో. ఏడాదిలో బాగా ఎండిన రోజుల్లో నీళ్లు పరీక్షించి, వెయ్యి భాగాల నీటిలో అయిదు భాగాల ఉప్పు ఎక్కడి వరకు ఉందో అక్కడి వరకు పోటు ప్రభావం ఉన్నట్టు లెక్క. 2011 నోటిఫికేషన్‌లో ఆ ఒడ్డు వెంట 100 మీటర్లు లేదా ఆ పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 నోటిఫికేషన్ ఆ నూరును యాభైకి తగ్గించింది, అయితే కొత్త తీర ప్రణాళిక ఆమోదం పొందిన చోటనే అది వర్తిస్తుంది. వైనతేయ పాయ మీద సముద్రం కనబడనంత లోపల ఉన్న కొబ్బరి తోట కూడా ఈ లెక్కలోకి రావచ్చు. మడ అడవి పక్కన ఉంటే ఇంకా కఠినం. కోరింగ అభయారణ్యం 1978 నుంచీ ఉంది, అక్కడ బేరమాడి లాభం లేదు.

ఇలాంటి స్థలాన్ని రిసార్టు కట్టుకోవచ్చని ఆశ చూపి అమ్మకూడదు. తోటగా అమ్మాలి. తోటకు తోట ధర వస్తుంది. తక్కువే. ఉన్నమాట అనుకుంటే నిద్రపడుతుంది. కొల్లేరు వైపు వారికీ ఇదే మాట. 1999లో అయిదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గట్ల మీద మళ్లీ చేపల ఆదాయం చూపించి అమ్మేవాళ్లను నేను చూశాను, వాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం.

నాలుగోది మన కోనసీమకు ప్రత్యేకం, గ్యాసు పైపులైను. చాలామంది పైపులైను పోతే భూమి ప్రభుత్వం తీసుకుందనుకుంటారు. తీసుకోలేదు. 1962 చట్టం కింద ఆ పట్టీ మేర వాడుకునే హక్కు మాత్రం తీసుకున్నారు. భూమి మీదే, పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. నష్టానికి అదనంగా అప్పటి మార్కెట్ విలువలో 10 శాతం పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. మీ నాన్నగారు ఎప్పుడో తీసుకునే ఉంటారు. ఆ కాగితం పెట్టెలో వెతకండి, అందులో పట్టీ వెడల్పు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. అది దొరికితే మీ బేరం సగం తేలినట్టే, ఎందుకంటే మిగిలిన నేల స్వేచ్ఛగా ఉందని చూపించగలరు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలిన తరువాత కొనేవాళ్లకు భయం పట్టుకుంది. భయపడేవాడికి సర్దిచెప్పకండి. పట్టీ ఎక్కడుందో నేల మీద ముగ్గు పోసి చూపించండి. ఉంటే ఉంటాడు, పోతే పోతాడు.

ఇక హక్కు చిక్కులు. ఇక్కడ నా గొంతు కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

డి-పట్టా భూమి, అంటే భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చినది. లంకల్లో, డ్రెయిన్ల పక్కన చాలా ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 2023 సవరణతో, ఇచ్చి 20 ఏళ్లు నిండిన సాగు భూముల మీద అసలు లబ్ధిదారుకు, ఆయన వారసులకు అమ్ముకునే హక్కు వచ్చింది. తరువాత 2024లో, అలా హక్కు వచ్చిన భూముల జాబితాలను తిరిగి పరిశీలించాలని రిజిస్ట్రేషన్లు నిలిపారు. మీరు అసలు లబ్ధిదారు కుటుంబమైతే ఓపిక పట్టి తహసీల్దారు దగ్గర మీ నంబరు ఏ స్థితిలో ఉందో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీరు ఆయన దగ్గర తెల్లకాగితం మీద కొన్నవారైతే, మీ దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. అది మరొకరికి అంటగడితే మీ కష్టం పోదు, ఇంకొకరి కష్టం తోడవుతుంది.

లంక నేలకు ఇంకో సంగతి ఉంది. గోదావరి ఒక పక్క కోస్తుంది, ఒక పక్క మేట వేస్తుంది. దస్తావేజులో రెండెకరాలు ఉంటుంది, నేల మీద ఎకరం ముప్పై సెంట్లు ఉంటుంది, మిగతాది ఏటిలో ఉంటుంది. కొత్తగా వేసిన మేట మీ సొంతమని ఎవరైనా చూపిస్తే నమ్మకండి, మీరూ చూపించకండి. నేను అక్కడికి గొలుసు తీసుకెళ్లిన ప్రతిసారీ పాత రాయి దొరికేది కాదు. ఒకసారి సర్వే రాయి కోసం మోకాలి లోతు నీళ్లలో దిగి వెతికాం.

ఇప్పుడు 22-ఎ. ఈ మాట వినగానే మనుషుల ముఖాలు వాడిపోతాయి. రిజిస్ట్రేషన్ చట్టంలో మన రాష్ట్రం 2007లో మళ్లీ పెట్టుకున్న సెక్షన్ అది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, చట్టం అమ్మొద్దన్న భూములు, ఇలా అయిదు తరగతులు. ఆ జాబితాలో మీ సర్వే నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రారు దస్తావేజు తీసుకోరు.

కానీ జాబితాలో ఉన్నంత మాత్రాన మీ భూమి ప్రభుత్వానిదైపోలేదు. నా అనుభవంలో తరచూ కనబడింది ఏమిటంటే, ఒక సర్వే నంబరులో మూడు ఎకరాలు ఉంటే అందులో నలభై సెంట్లు పుంతో, చెరువు గట్టో అయి ఉంటుంది. సబ్ డివిజన్ రాయకుండా మొత్తం నంబరును జాబితాకెక్కిస్తారు. మిగిలిన రెండెకరాల అరవై సెంట్ల జిరాయితీ (సొంత పట్టా నేల) కూడా చిక్కుకుంటుంది. దీనికి మందు ఉంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్‌ఎస్‌ఆర్) నకలు, మీది పాత ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే సెటిల్‌మెంట్ భూముల రిజిస్టరు, అంటే ఎస్‌ఎల్‌ఆర్ నకలు, ఎఫ్‌ఎంబీ, మీ లింకు (వెనకటి అమ్మకాల) దస్తావేజులు జతచేసి కలెక్టరుకు అర్జీ పెట్టాలి. ఏ తరగతి కింద చేర్చారో అడగాలి. 2015 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ జాబితాలు ఎలా పంపాలో, ఎలా సరిచేసుకోవాలో వివరంగా చెప్పింది. మీ వకీలుకు తెలుస్తుంది. సబ్ రిజిస్ట్రారు నోటి మాటతో తిప్పి పంపితే ఊరుకోకండి, కారణం రాసి ఇమ్మనండి. ఆ కాగితం ఉంటే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. నోటి మాట మీద అప్పీలు ఉండదు.

మీలో కొందరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి "చూడండి, ఏమీ లేదు" అంటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. బోదె కనబడదు, ఉప్పు కనబడదు, మాస్టర్ ప్లానులో మీ స్థలం మీద గీసిన ఎనభై అడుగుల రోడ్డు కనబడదు. ఆ రోడ్డు సంగతి పట్టణాభివృద్ధి సంస్థ కార్యాలయంలోనే తెలుస్తుంది. ఏటిగట్టుకు దగ్గరైతే ఇంకొకటి ఉంది. భవన నిర్మాణ నిబంధనల్లో నది అంచు నుంచి పట్టణాల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు కట్టడం పనికిరాదు.

పురపాలక పరిధిలో ఉన్నవారు ఖాళీ స్థలం పన్ను చూసుకోండి. చాలామందికి అలాంటి పన్ను ఉందనే తెలియదు. పిచ్చిమొక్కలు పెరిగాయనో, నీళ్లు నిలిచి దోమలు వస్తున్నాయనో ఇచ్చిన నోటీసులు ఎవరూ తీసుకోక గోడకంటించి పోయి ఉంటారు. ఇవి చిన్నవి. కట్టేయండి, ముళ్లకంపలు కొట్టించండి. కంప కొట్టించిన స్థలానికి, కొట్టించని స్థలానికి ఒకే ధర పలకడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ధర. నా స్థలం లెక్కే చెబుతాను, అంకెలు గుండ్రంగా వేసుకుందాం. సెంటు అంటే 48.4 గజాలు, అయిదు సెంట్లు 242 గజాలు. ఏ పేచీ లేని ప్లాటు గజం పది వేలనుకోండి, 24 లక్షల 20 వేలు. బోదెలో ఉన్న సెంటు నాది కాదు, 4 లక్షల 84 వేలు తీసేయాలి. మిగిలింది 193.6 గజాలు, 19 లక్షల 36 వేలు. సబ్ రిజిస్ట్రారు లెక్కలో గజం నాలుగు వేలనుకుంటే దాని విలువ 7 లక్షల 74 వేల చిల్లర, అందులో ఖాళీ జాగా కింద అప్పటి 14 శాతం లక్షా ఎనిమిది వేలు. ఇతర రుసుములు, తిరిగే ఖర్చులు కలిపి రెండు లక్షలనుకోండి. కొనేవాడి ఓపికకు ఇంకొంత. అంటే పదహారున్నర నుంచి పదిహేడు మధ్య న్యాయమైన ధర. ఇంతకు ముందు బ్రోకరు నన్ను పదకొండుకు అడిగాడు. ఏ లెక్క మీద అని అడిగితే "పేచీ స్థలం కదండీ" అన్నాడు. చిక్కు ఏమిటో తెలియనప్పుడు కొనేవాడు తన భయానికి ధర కడతాడు. తెలిస్తే లెక్క కడతాడు. లెక్క కాగితం మనమే ముందు పెడితే బేరం ఆ కాగితం మీద నడుస్తుంది.

మరి చెప్పకుండా అమ్మేస్తే? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చదవండి, ఈ గ్రంథాలయంలో ఉండవచ్చు. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఉంటే చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసం అంటుంది. నా అరటి చెట్లు గుర్తున్నాయి కదా. అవి ఆ సెక్షన్‌కు సరిపోయే ఉదాహరణ.

అందుకని చిక్కును దస్తావేజులోనే రాయించండి. లేఖరులు ఒప్పుకోరు. "ఇవన్నీ ఎందుకండీ, కొనేవారు జడుసుకుంటారు" అంటారు. రాయించండి. ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణం, తూర్పు హద్దు మురుగు బోదె పోరంబోకు, లేఅవుటుకు అనుమతి లేదు, క్రమబద్ధీకరణ బాధ్యత కొనేవారిది, ఈ సంగతులు తెలిసి ధర తగ్గించుకుని కొన్నారు, అని నాలుగు వాక్యాలు. పదేళ్ల తరువాత వాళ్ల అల్లుడు వచ్చి మీ గుమ్మం ముందు నిలబడితే ఆ నాలుగు వాక్యాలే అడ్డంగా నిలుస్తాయి. లేని విస్తీర్ణం ఎప్పుడూ రాయించకండి. అయిదు సెంట్లని నాకు రాసిచ్చారు కాబట్టి నేనూ అయిదే రాసిస్తాను అనేది మన ప్రాంతపు పెద్ద జబ్బు.

బయానా చెక్కుగా, లేదా బ్యాంకు ద్వారా తీసుకోండి. స్థలం బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను వారితో ఇబ్బంది. అనుమతి వస్తేనే కొంటానంటే గడువు రాసుకోండి, రాకపోతే బయానా ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో రాసుకోండి. జీపీఏ ఇచ్చి చేతులు దులుపుకుందామనుకునేవారికి, 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏతో హక్కు మారదని తేల్చింది. స్థలం మీ పేరునే ఉంటుంది, దాని మీద ఎవరేం చేసినా నోటీసు మీకే వస్తుంది.

ఎకరం, అరెకరం ఉన్నవారికి ఒక్క మాట. మొత్తంగా ఎవరూ కొనడం లేదని ముక్కలు చేసి అమ్ముదామని చూస్తారు. 500 చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు దాటిందంటే 2016 రెరా చట్టం, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం వస్తుంది. నమోదు చేయకుండా ప్రకటన కూడా వేయకూడదు, వేస్తే జరిమానా ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం వరకు ఉంటుంది. ఒక చిక్కును పది చిక్కులుగా పంచిపెట్టినట్టు అవుతుంది. ఆ పని చేయకండి.

మరి కొనేవాడు ఎవరు? బ్రోకరును అడిగితే హైదరాబాదు వైపు చూస్తాడు. నేను పక్క గట్టు వైపు చూడమంటాను. హద్దుదారును మించిన కొనుగోలుదారు లేడు. దారి లేని ముక్క మీకు బరువు, ఆయనకు పెరడు. పైపులైను పోయిన పట్టీలో ఇల్లు కట్టలేం, పూల మొక్కలు పెంచవచ్చు. కడియం చుట్టుపక్కల నర్సరీల వాళ్లు పెద్ద చెట్టు అవసరం లేని నేల కోసం వెతుకుతూ ఉంటారు, కౌలుకైనా తీసుకుంటారు. అమ్ముడుపోయే వరకు కౌలు ఆదాయం వస్తుంది, ఆక్రమణ భయం ఉండదు. కౌలు కాగితం మాత్రం రాసుకోండి. రొయ్యల చెరువుకు ఇవ్వకండి. ఉప్పెక్కిన నేలను తరువాత మళ్లీ ఎవరికి అమ్ముతారు?

నా స్థలం ఏమయిందని అక్కడ ఒకరు అడుగుతున్నారు. చెబుతాను. ఆ ముసలావిడ ప్రశ్న తరువాత రెండు నెలలు ఏమీ తోచలేదు. తరువాత అరటి కొట్టించి, కూలీలను పెట్టి బోదె తిరిగి తవ్వించాను. పక్క ప్లాట్లవాళ్లు తిట్టారు, ఎందుకంటే నా దగ్గర బోదె బయటపడితే వాళ్ల దగ్గరా ఉన్నట్టే. మండల సర్వేయరుతో, అప్పటికి నేను పదవిలో లేను, హద్దులు పెట్టించి నాలుగు సెంట్లకు పటం వేయించుకున్నాను. లెక్క కాగితం రాసి ఆ కుర్రవాడికి పంపాను. నెల తరువాత వాళ్ల అమ్మ ఫోను చేసింది. "ఏమండీ సర్వేయరు గారూ, మా అమ్మ చూడాలంటోంది" అంది. ఆవిడ వచ్చి, బోదె గట్టు మీద కాసేపు నిలబడి, నీళ్లు ఎటు పారుతున్నాయో చూసుకుంది. పదహారు లక్షల డెబ్బై వేలకు బేరం కుదిరింది. నేను కొన్న ధర, కట్టిన పన్నులు, తవ్వించిన ఖర్చు కలిపి చూస్తే పెద్దగా మిగల్లేదు. నష్టం కూడా రాలేదు.

నా మాటలు అయ్యాయి. కాగితాలు తెచ్చినవాళ్లు ఒక్కొక్కరు రండి. అమ్మా, మీరు ముందు రండి. జిరాక్సు కాదు, అసలుది చూపించండి. ఆ కిటికీ తలుపు కొంచెం తెరవండి బాబూ, ఈ వెలుతురులో అంకె సరిగా కనబడడం లేదు. 213 బై 3 అని ఉందా, బై 8 అని ఉందా ఇది?